చేయి తిరగాల్సిన పేపర్లు: ఇంజినీరింగ్‌లో గంటలు మింగే సబ్జెక్టులను చదివే పద్ధతి

బీటెక్ రెండో సంవత్సరంలో నాకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ (బరువు పడితే వస్తువులు ఎలా తట్టుకుంటాయో చెప్పే సబ్జెక్టు) పోయింది. చదవక పోయింది కాదు. పరీక్షకు ముందు మూడు రోజులు నిద్ర మానుకుని, నోట్సులో చేసి ఉన్న లెక్కలన్నీ అయిదారు సార్లు చూశాను. ప్రతి వరుసా అర్థమైంది. పరీక్ష హాలులో బీమ్ (దూలం) పొడవు, బరువు పడే చోటు మార్చి ఇచ్చిన లెక్క వచ్చింది. బొమ్మ గీశాను. ఆ తరువాత ఏం చేయాలో తోచక అరగంట అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు అదే సబ్జెక్టును పిల్లలకు చెబుతున్నాను. ఏటా కనీసం పదిమంది నా దగ్గరికి వచ్చి ఒకే మాట అంటారు: "చూస్తే అర్థమవుతోంది సార్, చేయబోతే రావడం లేదు." పక్కింటావిడ పదిహేను చుక్కల ముగ్గు వేస్తుంటే పక్కన నిలబడి చూడండి. ఏ గీత ఎటు తిరిగిందో అంతా తెలుస్తుంది. ముగ్గు పిండి మన చేతికి వచ్చాక మూడో మెలిక దగ్గరే దారి తప్పుతాం. ఆవిడకు చేయి తిరిగింది, మనకు కన్ను మాత్రమే తిరిగింది. ఇంజినీరింగ్‌లో కొన్ని పేపర్లు ఇలాంటివే. వాటికి చేయి తిరగాలి. అందుకు ఏ వారం ఏం చేయాలో, ఒక్కో పనికి ఎంత సమయం పడుతుందో ఇక్కడ వరుసగా చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా నా సబ్జెక్టు నుంచే తీసుకుంటున్నాను. నెట్‌వర్క్ అనాలిసిస్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, థర్మోడైనమిక్స్, డేటా స్ట్రక్చర్స్ చదివేవారికి కూడా పద్ధతి ఇదే.

మొదటి పని: గంటలు లెక్కపెట్టడం

ఇంటర్‌లో మన పిల్లల్లో చాలామందికి టైమ్‌టేబుల్ వేరేవాళ్లు వేస్తారు. ఉదయం స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, వారానికో పరీక్ష, ర్యాంకుల జాబితా అన్నీ కాలేజీయే చూసుకుంటుంది. బీటెక్‌లో చేరిన రోజున ఆ కాపలా ఒక్కసారిగా పోతుంది. చదవడం తెలిసినవాళ్లు కూడా మొదటి ఏడాది తడబడటానికి ఇదే పెద్ద కారణం అని నేను నమ్ముతున్నాను. వాళ్లకు తెలివి తక్కువ కాదు. గంటలను తామే పంచుకోవడం ఎవరూ నేర్పలేదు, అంతే.

కాబట్టి ఒక కాగితం తీసుకోండి. వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర, అంటే 49. కాలేజీలో రోజుకు ఏడు గంటల చొప్పున ఆరు రోజులు, 42. కాలేజీ బస్సులో రోజుకు రెండు గంటలు పోతే 12. స్నానం, భోజనం, ఇంటి పనులు రోజుకు మూడు గంటలు, 21. మొత్తం 124. మిగిలినవి 44. రికార్డులు, అసైన్‌మెంట్లు ఆరు గంటలు తినేస్తాయి. ఇక 38. ఇందులో సగం విశ్రాంతికి, స్నేహితులకు, ఆటలకు వదిలేసినా దాదాపు 19 గంటలు చదువుకు దొరుకుతాయి. హాస్టల్‌లో ఉండేవారికి ఇంకొన్ని ఎక్కువ. సాయంత్రం పార్ట్‌టైమ్ పని చేసేవారికి తక్కువ. మీ అంకెలు మీరే వేసుకోండి.

ఇప్పుడు రెండో లెక్క. ఇది ఇంకా ముఖ్యం. ఒక పేపర్‌లో అయిదు యూనిట్లు. ఒక్కో యూనిట్‌లో చేయి తిరగాలంటే తక్కువలో తక్కువ పదిహేను లెక్కలు సొంతంగా చేయాలి. మొదట్లో ఒక్కో లెక్కకు సుమారు 25 నిమిషాలు పడుతుంది. పదిహేను లెక్కలకు ఆరుంబావు గంటలు, అయిదు యూనిట్లకు 31 గంటలు దాటుతుంది. థియరీ చదవడం దీనికి అదనం. పరీక్షకు ముందు దొరికే రెండు రోజుల సెలవుల్లో ఈ 31 గంటలు పట్టవు. ఎంత పట్టుదల ఉన్నా పట్టవు. అదే 31 గంటలను సెమిస్టర్‌లోని పదహారు వారాలకు పంచితే వారానికి రెండు గంటలే. నేను ఫెయిలయ్యింది ఈ భాగహారం చేయకపోవడం వల్ల.

ఏ పేపర్‌కు ఎంత?

అన్ని సబ్జెక్టులకూ సమానంగా సమయం ఇవ్వడం న్యాయంగా కనిపిస్తుంది, కానీ అది పొరపాటు. సాంకేతిక విద్యను చూసే జాతీయ సంస్థ ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్య ప్రణాళికలో బీటెక్ మొత్తానికి 160 క్రెడిట్లు (పేపర్ బరువును కొలిచే పాయింట్లు). వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కు ఒక క్రెడిట్. మూడు క్రెడిట్లున్న పేపర్లు రెండు పక్కపక్కన పెట్టి చూడండి: ఒకటి పర్యావరణానికి సంబంధించినది, ఇంకొకటి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్. క్రెడిట్లు ఒకటే అయినా ఇంటి దగ్గర అడిగే గంటలు వేరు.

సెమిస్టర్ మొదటి వారంలోనే ఆ సెమిస్టర్‌లోని అయిదారు పేపర్లను రెండు కుప్పలు చేయండి. చదివితే వచ్చేవి ఒక కుప్ప, చేస్తే తప్ప రానివి ఇంకొక కుప్ప. రెండో కుప్పలో మామూలుగా రెండు, మహా అయితే మూడు ఉంటాయి. వాటిలో ఒక్కోదానికి వారానికి అయిదు గంటలు, మిగతావాటికి రెండు, రెండున్నర గంటలు సరిపోతాయి. అనుమానం వస్తే ఒక ప్రశ్న వేసుకోండి: ముందు ముందు ఏ పేపర్ దీని మీద నిలబడుతుంది? స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ సరిగా రాకపోతే సివిల్‌లో స్ట్రక్చరల్ అనాలిసిస్, ఆ తరువాత కాంక్రీటు నిర్మాణాల డిజైన్, మెకానికల్‌లో యంత్ర భాగాల డిజైన్ అన్నీ కుంటుతాయి. సిగ్నల్స్ రాకపోతే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, కమ్యూనికేషన్ పేపర్లు భారమవుతాయి. డేటా స్ట్రక్చర్స్ రానివారు అల్గారిథమ్స్ క్లాసులో కూర్చుని ఏం లాభం? ఇలా మోసే పేపర్లకే ఎక్కువ గంటలు పోయాలి.

మొదటి వారంలోనే పునాది చూసుకోండి

కష్టమైన సబ్జెక్టు అని మనం భయపడేదాంట్లో సగం కష్టం ఆ సబ్జెక్టుది కాదు, దాని కిందున్న సబ్జెక్టుది. బీమ్ లెక్కలు రానివాళ్ల కాగితాలు దిద్దితే నాకు ఎక్కువగా కనిపించేవి ఇంజినీరింగ్ మెకానిక్స్ తప్పులే: ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో (వస్తువు మీది బలాలన్నీ చూపే బొమ్మలో) ఒక బలం మరిచిపోవడం, మూమెంట్ (బలానికి ఉండే తిప్పే ప్రభావం) తీసుకునేటప్పుడు దూరం తప్పు కొలవడం.

అందుకని పాత పేపర్ నుంచి అయిదు చిన్న లెక్కలు తీసుకుని పుస్తకం మూసి చేయండి. నా సబ్జెక్టుకైతే ఇవి: రెండు ఆధారాల రియాక్షన్లు (ఆధారాలు పైకి ఇచ్చే ఎదురు బలాలు) కనుక్కోవడం, టీ ఆకారపు సెక్షన్‌కు (అడ్డుకోతకు) సెంట్రాయిడ్, అంటే దాని నడిమి బిందువు, దీర్ఘచతురస్రానికి మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, ఒక చిన్న ఇంటిగ్రేషన్, యూనిట్ల మార్పిడి. మూడు తప్పితే ఆ వారాంతం పూర్తిగా పాత పాఠాలకే ఇచ్చేయండి. కొత్త పాఠం ఆగిపోతుందన్న బెంగ వద్దు.

ఇక్కడ ఒక తికమక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటర్ ఫిజిక్స్‌లో మూమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటే జడత్వ భ్రామకం, ద్రవ్యరాశితో ముడిపడినది. బీమ్‌ల పాఠంలో అదే పేరుతో వచ్చేది వైశాల్యానికి సంబంధించినది. దాని ప్రమాణం మిల్లీమీటర్ నాలుగో ఘాతం. అందులో ద్రవ్యరాశి ఊసే లేదు. పేరు ఒకటే కావడంతో పిల్లలు రెండింటినీ కలిపేసి నెలల తరబడి అయోమయంలో ఉంటారు. ఏ సెమిస్టర్‌లోనైనా పాత పేరుతో కొత్త అర్థం వచ్చినప్పుడు నోట్సులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.

క్లాసుకు ముందు, క్లాసు తరువాత

ముందు పది నిమిషాలు చాలు. రేపటి పాఠం పేరు, అందులోని బొమ్మలు, కొత్త పదాలు చూసి, "ఇది దేనికి?" అని ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లండి. క్లాసులో బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించడం కంటే సార్ నోటితో చెప్పి బోర్డు మీద రాయని మాటలు రాసుకోవడం మేలు. "ఇక్కడ ఈ పద్ధతే ఎందుకు తీసుకున్నాం" అన్నది ఎప్పుడూ నోటితోనే చెబుతాం. బోర్డు మీది లెక్క పుస్తకంలోనూ ఉంటుంది.

అదే సాయంత్రం అరగంట. నోట్సు మూసేసి, తెల్ల కాగితం మీద ఆ రోజు పాఠంలో గుర్తున్నది రాయండి. బొమ్మ, సూత్రం, అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు. రాయలేకపోయినదాన్ని అప్పుడు నోట్సు తెరిచి చూడండి. కొత్తగా నేర్చినది ఎంత త్వరగా చెదిరిపోతుందో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు. మొదటి కొన్ని గంటల్లోనే నష్టం ఎక్కువ. ఆదివారం దాకా ఆగి చదివితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినట్టే అవుతుంది.

చదివిందే మళ్లీ చదవడానికీ, మూసి గుర్తుచేసుకోవడానికీ ఉన్న తేడాను 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు పరీక్షించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవారే మెరుగు. వారం తరువాత అడిగితే మూసి గుర్తుచేసుకున్నవారు మెరుగు. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసిందన్న నమ్మకం ఎందుకు కలుగుతుందో, హాలులో అది ఎందుకు కూలిపోతుందో ఈ ఒక్క ఫలితం చెబుతుంది.

లెక్క చేసే పద్ధతి

అసలు సంగతి ఇది. మిగతావి మరిచిపోయినా దీన్ని మాత్రం మరవకండి.

ఒక చిన్న లెక్క తీసుకుందాం. ఆరు మీటర్ల పొడవున్న సింప్లీ సపోర్టెడ్ బీమ్, అంటే రెండు చివర్లా ఆధారాల మీద ఊరికే ఆనించిన దూలం. దాని మీద పొడవునా మీటరుకు 10 కిలోన్యూటన్ల బరువు. బీమ్ అడ్డుకోత 200 మిల్లీమీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల ఎత్తు. గరిష్ఠ వంపు ఒత్తిడి (బెండింగ్ స్ట్రెస్) ఎంత?

చేసి ఉన్న జవాబు మీ ముందుందనుకోండి. మొదటి వరుస తప్ప మిగతాదంతా ఇంకో కాగితంతో కప్పేయండి. ప్రతి వరుసకు ముందు ఆగి "తరువాత ఏం చేస్తారు?" అని మీరే ఊహించి రాయండి. అప్పుడు కాగితం ఒక్క వరుస కిందికి జరపండి. మొత్తం బరువు 60 కిలోన్యూటన్లు, ఒక్కో ఆధారం మీద 30. గరిష్ఠ బెండింగ్ మూమెంట్ (బీమ్‌ను వంచే ప్రభావం) నడిమధ్యన. అక్కడ నుంచి ఎడమ వైపు చూస్తే రియాక్షన్ వల్ల 30 ఇంటూ 3, అంటే 90. ఎడమ సగం మీద ఉన్న 30 కిలోన్యూటన్ల బరువు ఒకటిన్నర మీటర్ల దూరంలో, అంటే 45. తీసివేస్తే 45 కిలోన్యూటన్ మీటర్లు. సూత్రం కంఠస్థం ఉన్నవారికి ఇది ఒక్క వరుస. అయినా మొదటిసారి ఇలా బీమ్‌ను మధ్యలో కోసినట్టు చూసి చేయండి. సూత్రం తోడురాని లెక్క పరీక్షలో తప్పకుండా వస్తుంది.

ఇక ఒత్తిడి. 45 కిలోన్యూటన్ మీటర్లను న్యూటన్ మిల్లీమీటర్లలోకి మార్చాలంటే పది లక్షలతో గుణించాలి: నాలుగున్నర కోట్లు. మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, వెడల్పు ఇంటూ ఎత్తు ఘనం బై 12: నలభై అయిదు కోట్లు. ఎత్తు మధ్య నుంచి అంచు దూరం 150. నాలుగున్నర కోట్లను 150తో గుణించి 45 కోట్లతో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్లు.

ఇంతటితో ఆగితే సగం పనే అయినట్టు. ఇప్పుడు పుస్తకం పూర్తిగా మూసి, అదే లెక్కను తెల్ల కాగితం మీద మొదటి నుంచి చేయండి. మీరే చేసిన లెక్క కదా అని వదిలేయకండి. పదిమందిలో తొమ్మిది మంది ఎక్కడో ఒకచోట ఆగుతారు. అది అయ్యాక లెక్కను మీరే మార్చండి. బీమ్‌ను పక్కకు పడుకోబెడితే? వెడల్పు 300, ఎత్తు 200 అవుతుంది. మూమెంట్ ఆఫ్ ఇనర్షియా 20 కోట్లకు పడిపోతుంది, ఒత్తిడి ఇరవై రెండున్నరకు పెరుగుతుంది. అదే సరుకు, అదే బరువు, ఒత్తిడి మాత్రం ఒకటిన్నర రెట్లు. పాత పెంకుటింట్లో వడ్రంగి దూలాన్ని నిలువుగా ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసింది. ఈ లెక్క ఇక జన్మలో మరవరు.

చివరగా, జవాబు బతికే జవాబా కాదా చూడండి. మామూలు మైల్డ్ స్టీలు చదరపు మిల్లీమీటరుకు సుమారు 250 న్యూటన్ల దగ్గర లొంగుతుంది, అంటే మళ్లీ వెనక్కి రానంతగా సాగడం మొదలవుతుంది. పదిహేను అంటే దానికి చాలా తక్కువ, కాబట్టి నమ్మదగినదే. జవాబు పదిహేను వేలు వచ్చి ఉంటే యూనిట్ల దగ్గర తప్పు జరిగిందని అక్కడే పట్టుకోవచ్చు. థర్మోడైనమిక్స్‌లో ఇంజిన్ దక్షత (ఎఫిషియెన్సీ) నూరు శాతం దాటినా, సర్క్యూట్‌లో చిన్న రెసిస్టర్ గుండా వేల ఆంపియర్లు పోతున్నట్టు వచ్చినా ఇదే కథ.

లెక్క మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి? వెంటనే జవాబు వైపు కన్ను పోనివ్వకండి. గంటల తరబడి గోడకు తల కొట్టుకోవడం కూడా వద్దు. పదిహేను నిమిషాలు ప్రయత్నించండి. బొమ్మ మళ్లీ గీయండి, ఇచ్చినవేమిటో, అడిగిందేమిటో రాయండి. అయినా కదలకపోతే, ఎక్కడ ఆగారో ఒక వాక్యంలో రాయండి. "షియర్ ఫోర్స్ (బీమ్‌ను అడ్డంగా కోసే బలం) సున్నా అయ్యే చోటు ఎలా కనుక్కోవాలో తెలియడం లేదు" అన్నంత స్పష్టంగా. అప్పుడు జవాబులో ఆ ఒక్క వరుస చూసి, మళ్లీ మూసి, ముందుకు సాగండి. ఆ వాక్యం సార్ దగ్గరికి తీసుకెళ్లడానికీ పనికొస్తుంది. "ఈ లెక్క రాలేదు" అన్న విద్యార్థికి లెక్కంతా చేసి చూపిస్తాం. "ఇక్కడ ఆగాను" అన్న విద్యార్థికి నిజంగా సాయపడగలం.

తప్పుల పుస్తకం

రెండు వందల పేజీల నోటుబుక్ ఒకటి దీనికే కేటాయించండి. తప్పిన ప్రతి లెక్కకూ మూడు వరుసలు: ఏం చేశాను, ఎందుకు అలా చేశాను, ఈసారి దేన్ని చూసి జాగ్రత్త పడాలి. "అజాగ్రత్త" అని మాత్రం రాయకండి. ఆ మాట ఏమీ నేర్పదు. "ఎత్తును మిల్లీమీటర్లలో, మూమెంట్‌ను కిలోన్యూటన్ మీటర్లలో ఉంచి భాగించాను. ఇక నుంచి మొదటి వరుసలోనే అన్నీ న్యూటన్, మిల్లీమీటర్లలోకి మారుస్తాను" అని రాయాలి. "కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉండగా రేడియన్లు వేశాను" అన్నది ఎలక్ట్రానిక్స్ పిల్లల పుస్తకాల్లో నాకు తరచూ కనిపించే వాక్యం.

నెల తిరిగేసరికి ఒక విషయం బయటపడుతుంది. మీ తప్పులు వందరకాలు కావు. నాలుగైదే, మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఆదివారం పావుగంట ఈ పుస్తకం తిరగేయండి.

వరుస కలిపేయండి

పుస్తకంలో లెక్కలు రకాల వారీగా ఉంటాయి. పది లెక్కలు ఒకే రకం చేస్తే పదకొండోది నిద్రలో కూడా వస్తుంది. చేయి తిరిగిందనుకుంటాం. కానీ పరీక్షలో ప్రశ్న ముందు "ఇది ఫలానా రకం" అని చీటీ అంటించి ఉండదు. ఏ పద్ధతి వాడాలో తేల్చుకోవడమే అక్కడ అసలు పరీక్ష.

2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణాలు కనుక్కోవడం నేర్పారు. ఒక జట్టు రకం తరువాత రకం చేసింది, ఇంకొక జట్టు కలగలిపి చేసింది. సాధన సమయంలో వరుసగా చేసినవారే ముందున్నారు: 89 శాతం, 60 శాతం. వారం తరువాత పరీక్ష పెడితే తారుమారు: వరుసగా చేసినవారికి 20 శాతం, కలిపి చేసినవారికి 63. అంటే కలిపి చేసేటప్పుడు కష్టంగా, నెమ్మదిగా అనిపించడం మంచి గుర్తే.

ఇంట్లో ఇలా చేయండి. ఒక రకం లెక్కలు మూడు నాలుగు వచ్చాక ఆపేయండి. పాత యూనిట్ల లెక్కలను చిన్న చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. వారానికి ఒకరోజు కళ్లు మూసుకుని ఆరు చీటీలు తీసి చేయండి. మొదటి వారం మనసు చివుక్కుమంటుంది. మూడో వారానికి కుదుటపడుతుంది.

తెలుగులో ఆలోచించి, ఇంగ్లిషులో రాయండి

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఈ మాట. పుస్తకం ఇంగ్లిషులో ఉంది కాబట్టి ఆలోచన కూడా ఇంగ్లిషులోనే సాగాలన్న నియమం ఎక్కడా లేదు. స్ట్రెస్ మీకు ఇంటర్‌లో ప్రతిబలంగా తెలుసు, స్ట్రెయిన్ వికృతిగా తెలుసు. షియర్ అంటే కత్తెర రెండు అంచులు కాగితాన్ని ఎదురెదురుగా నెట్టే తీరు. సాగింగ్ అంటే బీమ్ నడుమ కుంగడం, హాగింగ్ అంటే పైకి ఉబ్బడం. ముందు మీ మాటల్లో మీకు బొమ్మ కట్టాలి.

ప్రతి యూనిట్ అయ్యాక ఆ పాఠాన్ని తెలుగులో గట్టిగా, ఎదురుగా ఎవరో ఉన్నట్టు రెండు నిమిషాలు చెప్పండి. ఇంట్లో వినేవారుంటే మరీ మంచిది. మా విద్యార్థి ఒకతను బెండింగ్ పాఠాన్ని తాపీమేస్త్రి అయిన తండ్రికి చెప్పాడు. శ్లాబులో ఇనుము అడుగు వైపు ఎందుకు వేస్తారో తండ్రికి చేతులతో తెలుసు, కొడుకుకు సూత్రంతో తెలుసు. ఆ సాయంత్రం ఇద్దరూ నేర్చుకున్నారు. ఆ తరువాత పరీక్షకు అవసరమైన ఇరవై ముప్పై ఇంగ్లిషు వాక్యాలను, అంటే నిర్వచనాలను, అసంప్షన్లను చూడకుండా రాసి అలవాటు చేసుకోండి. అర్థమైన విషయానికి ఇంగ్లిషు తొడగడం కొద్దివారాల పని. అర్థం కాని ఇంగ్లిషును బట్టీ పట్టడానికి మాత్రం అంతు ఉండదు.

వీడియోలు, ఫోను, స్నేహితులు

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉచితం, లోతైనవి. కానీ వీడియో కూడా పక్కింటి ముగ్గే. లెక్క ప్రశ్న తెర మీదికి రాగానే ఆపేయండి, మీరు చేయండి, తరువాత చూడండి. గంట వీడియోకు గంటన్నర పట్టినా పర్వాలేదు. కృత్రిమ మేధ సాధనాలతో అసైన్‌మెంట్ చేయించడం గురించి నా అభిప్రాయం గట్టిది: అది మీ చేతి నుంచి ఆ 25 నిమిషాలను లాక్కుంటుంది. మీరు చేసిన జవాబును ఇచ్చి తప్పెక్కడో అడగండి, దాని మాటను కూడా సరిచూసుకోండి. అంకెల దగ్గర అది కూడా తప్పుతుంది.

కలిసి చదవడం ముగ్గురితో బాగుంటుంది. అందరూ విడిగా చేసుకుని వచ్చాకే కూర్చోవాలి. లేకపోతే ఒకరు చేస్తారు, ఇద్దరు చూస్తారు. చదివే గంటన్నర ఫోను ఇంకో గదిలో ఉండాలి.

మిడ్‌లు, సెమిస్టర్ పరీక్షలు

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో ఇంటర్నల్స్‌కు 40, చివరి పరీక్షకు 60 మార్కులు. మిడ్‌లను, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలను, తేలిగ్గా వదిలేస్తే చివర్లో పూడ్చుకోవడం కష్టం. మిడ్‌కు పది రోజుల ముందు పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. పాత పత్రాలను "ఏవి వస్తాయి" అని వెతకడానికి కాక, "నేను చేయగలనా" అని చూసుకోవడానికి వాడండి. జెరాక్స్ షాపులో దొరికే ముఖ్య ప్రశ్నల కట్ట మీద ఆధారపడితే, అంకెలు మారిన నాడు ఏమవుతుందో పరీక్ష హాలులో నా అరగంట గురించి మొదట్లోనే చెప్పాను కదా.

ఆఖరి రెండు రోజుల్లో కొత్త లెక్కలు వద్దు. తప్పుల పుస్తకం, చీటీల డబ్బా, ప్రతి యూనిట్‌కు ఒక్క పేజీ. ఆ పేజీని జ్ఞాపకం నుంచే రాయాలి. ముందురోజు రాత్రి నిద్ర తగ్గించకండి. హాలులో ముందు బొమ్మ, ఇచ్చిన వివరాలు, వాడే సూత్రం రాయండి. జవాబు తప్పినా అడుగులకు మార్కులు వేస్తాం. దిద్దేవాడికి మీ దారి కనిపించాలి. ఒక లెక్క దగ్గర ఆగిపోతే చోటు వదిలి ముందుకు వెళ్లండి.

ఇప్పటికే వెనకబడి ఉంటే

పది వారాలు గడిచాక ఇది చదువుతున్నవారు కూడా ఉంటారు. మొదటి యూనిట్ నుంచి మొదలుపెట్టి పరుగెత్తకండి. ఇవాళ్టి పాఠం నుంచే పద్ధతి పాటించండి, లేకపోతే ఇవాళ్టిది కూడా బకాయిల్లో చేరుతుంది. పాతదానికి రోజుకు ఒక గంట విడిగా పెట్టండి. అందులోనూ మిగతా యూనిట్లను మోసే యూనిట్ ముందు. నా సబ్జెక్టులో షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ బొమ్మలు వస్తే ఆ తరువాతి పాఠాలు వాటంతట అవే తెరుచుకుంటాయి.

బ్యాక్‌లాగ్‌లు (పాస్ కాక మిగిలిన పాత పేపర్లు) ఇప్పటికే ఉంటే ఒక సెమిస్టర్‌లో రెండింటికి మించి తలకెత్తుకోకండి. ముందుగా, ఇప్పుడు నడుస్తున్న పేపర్‌కు పునాదిగా ఉన్నదాన్ని తీయండి. ఇంట్లో చెప్పండి. దాచిపెట్టి చదివే చదువులో సగం శక్తి దాచడానికే పోతుంది. నేను మా అమ్మతో నెల దాకా చెప్పలేదు, ఆ నెలలో ఒక్క లెక్కా చేయలేకపోయాను.

చెప్పిన మర్నాటి నుంచి రోజుకు గంట చొప్పున మొదలుపెట్టాను. 31 గంటలు అనుకున్నది నలభై దాటింది. సప్లిమెంటరీ పరీక్షలో ఓవర్‌హ్యాంగింగ్ బీమ్ (ఆధారం దాటి బయటికి చొచ్చిన దూలం) ఇచ్చి, బెండింగ్ మూమెంట్ గుర్తు మారే చోటు కనుక్కోమన్నారు. ఆ చోటు ఆధారం దగ్గర ఉందనుకుని మూడుసార్లు తప్పు చేశానని నా తప్పుల పుస్తకం నాలుగో పేజీలో రాసుకున్నాను. బొమ్మ గీసి, మూమెంట్‌ను సున్నాకు సమానం చేసి, ఆధారానికి ఎంత దూరంలో వస్తుందో లెక్కగట్టి, తరువాతి ప్రశ్నకు వెళ్లాను.